మల్టీకాస్ట్ ఎక్కడ ఆగింది: యూనిక్స్ రౌటర్ల మీద పిమ్ డీమన్ లోపాలను వెతకడానికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక స్టూడియో, గుంటూరు బ్రాడీపేటలో దాని శాఖ ఉన్నాయనుకుందాం. స్టూడియోలో చెప్పే పాఠాన్ని శాఖలోని 200 కంప్యూటర్లు ఏకకాలంలో చూడాలి. వీడియో వేగం సెకనుకు 4 మెగాబిట్లయితే, ఒక్కో కంప్యూటరుకూ విడివిడిగా పంపడానికి రెండు ఊళ్ల మధ్య 800 మెగాబిట్ల లింకు కావాలి. ఒకే ప్రతిని పంపి, దారి చీలే చోట రౌటర్లే నకళ్లు తీసే మల్టీకాస్ట్‌లో అదే పని 4 మెగాబిట్లతో పూర్తవుతుంది. ఇంత పొదుపు చేసే సాంకేతికతను మన ఊళ్లలో చాలామంది ఒకసారి ప్రయత్నించి వదిలేయడానికి ముఖ్యకారణం, అది పనిచేయనప్పుడు ఎందుకు పనిచేయడం లేదో చెప్పేవారు లేకపోవడమే. యూనికాస్ట్ దారి, అంటే ఒకరి నుంచి ఒకరికే వెళ్లే దారి, తెగితే పింగ్ చెబుతుంది, మధ్య రౌటరు ఐసీఎంపీ అనే లోపసూచన సందేశం పంపుతుంది. మల్టీకాస్ట్ గ్రూపుకు, అంటే ఆ వీడియో కావలసినవారంతా చేరే ఉమ్మడి చిరునామాకు, వెళ్లే ప్యాకెట్ విషయంలో ఐసీఎంపీ ఎర్రర్లు పంపకూడదన్నది నియమం కాబట్టి, ప్యాకెట్ ఎక్కడ పడిపోయినా పంపినవారికి ఏమీ తెలియదు, చూసేవారికి నల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు.

ఈ మార్గదర్శి లైనక్స్ యంత్రాన్నే రౌటరుగా పెట్టుకుని, దాని మీద ఎఫ్‌ఆర్‌ఆర్ రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని పిమ్‌డీ అనే డీమన్‌ను, అంటే తెర వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రామును, నడుపుతున్నవారిని ఉద్దేశించినది. మల్టీకాస్ట్ దారిని ఏర్పరచడానికి రౌటర్లు తమలో తాము మాట్లాడుకునే ప్రోటోకాల్ పేరే పిమ్. క్వాగా అనే పాత రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి వేరుపడి 2017లో లైనక్స్ ఫౌండేషన్ నీడన వెలువడిన సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఆర్‌ఆర్. యూనిక్స్ కుటుంబంలోని మరో శాఖ అయిన బీఎస్‌డీ వాడేవారికి అవసరమైన తేడాలను చివర్లో చెప్పాను. ఆదేశాలను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాశాను గనుక టెర్మినల్‌లో వాటి అసలు స్పెల్లింగుతో, వేరేగా చెప్పని చోట చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

ఏ దిక్కు నుంచి వెతకాలి

కృష్ణా డెల్టాలో చివరి భూములకు నీరు అందనప్పుడు రైతు ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలుపెట్టడు. తన పొలం బోదె నుంచి గట్టు వెంట ఎగువకు నడుస్తూ ఏ తూము మూసి ఉందో చూస్తాడు. మల్టీకాస్ట్‌లోనూ వెతకవలసిన దిక్కు అదే, ఎందుకంటే ఇక్కడ దారి ఏర్పడేదే చివరి నుంచి మొదటికి. రిసీవర్ తనకు ఫలానా గ్రూపు కావాలని ఐజీఎంపీ (కంప్యూటర్లు తమ లాన్ రౌటరుకు గ్రూపు సభ్యత్వం తెలిపే ప్రోటోకాల్) రిపోర్టు పంపుతుంది. దాన్ని విన్న రౌటరు తన ఎగువ రౌటరుకు పిమ్ జాయిన్ పంపుతుంది. అది తన ఎగువకు పంపుతుంది. ఆ కోరిక సోర్స్ దాకా చేరిన తరువాతే వీడియో వెనక్కి ప్రవహిస్తుంది. సోర్స్ దగ్గర టీసీపీడంప్ (తీగ మీది ప్యాకెట్లను చూపే ప్రోగ్రామ్) పెట్టి ప్యాకెట్లు బయలుదేరుతున్నాయని నిర్ధారించుకుని, అక్కడి నుంచి కిందికి దిగుతూ వచ్చేవారు, కోరికే రాని రౌటరు ప్యాకెట్‌ను ఎందుకు పంపడం లేదని గంటల తరబడి తలబద్దలు కొట్టుకుంటారు.

ప్రతి రౌటరు దగ్గరా మూడు విషయాలను పక్కపక్కన పెట్టి చూడాలి. డీమన్ ఏమనుకుంటోంది, కెర్నల్ పట్టికలో ఏముంది, తీగ మీద నిజంగా ఏం నడుస్తోంది. ఈ మూడూ ఏకీభవిస్తే లోపం ఆ రౌటరులో లేదు, ఎగువకు వెళ్లాలి. ఏ రెండింటి మధ్య పొంతన కుదరలేదో లోపం ఆ రెండింటి మధ్యనే ఉంటుంది. నా దృష్టిలో ఈ పోలికే మొత్తం పనికి వెన్నెముక, మిగిలినదంతా దాని వివరణ.

ఉదాహరణకు ఈ నెట్‌వర్కును తీసుకుందాం. గవర్నర్‌పేట స్టూడియోలో సోర్స్ చిరునామా 10.10.1.20, అది పంపే గ్రూపు 239.10.20.30. అక్కడి రౌటరు లాన్ చిరునామా 10.10.1.1. దారి మధ్యలో మంగళగిరిలో ఉన్న రౌటరు రాండెవూ పాయింట్, అంటే సోర్స్‌నూ రిసీవర్లనూ కలిపే ఆర్‌పీ. దాని లూప్‌బ్యాక్ చిరునామా 10.255.255.2. బ్రాడీపేట రౌటరు వెనుక 10.30.1.0/24 లాన్, అందులో రిసీవర్ 10.30.1.50. మూడు రౌటర్ల మధ్య యూనికాస్ట్ దారులను లెక్కించే ఓఎస్‌పీఎఫ్ నడుస్తోంది.

యూనికాస్ట్ సరిగా ఉందా

పిమ్‌కు సొంత రౌటింగ్ పట్టిక లేదు, యూనికాస్ట్ పట్టికనే నమ్ముకుంటుంది. కాబట్టి బ్రాడీపేట రౌటరు నుంచి 10.10.1.20కీ 10.255.255.2కీ పింగ్ వెళ్లాలి, తిరిగి రావాలి. మూడు రౌటర్లలోనూ నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ అనే కెర్నల్ సెట్టింగు (సిసీటీఎల్) విలువ 1గా ఉండాలి. ఇది తేలకుండా ముందుకు వెళ్లడం వృథా శ్రమ.

రిసీవర్ నిజంగా అడుగుతోందా

రిసీవర్ యంత్రంలో వీడియో ప్రోగ్రామ్ తెరిచి ఉంచి ‘ఐపీ ఎమ్‌యాడర్ షో’ ఇస్తే, ఏ ఇంటర్‌ఫేస్ మీద ఏ గ్రూపులో చేరిందో కనిపిస్తుంది. గ్రూపు పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు, అది ఏ ఇంటర్‌ఫేస్ కింద ఉందో చూడాలి. వైఫై, ఈథర్నెట్ రెండూ వెలిగి ఉన్న ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామ్ ఇంటర్‌ఫేస్‌ను ప్రత్యేకించి అడగకపోతే రౌటింగ్ పట్టిక చూపిన వైపు, సాధారణంగా డిఫాల్ట్ రూట్ ఉన్న వైపు, చేరుతుంది. వీడియో ఈథర్నెట్ మీద వస్తుంటే రిపోర్టు వైఫై మీద వెళుతుంది.

తరువాత అదే యంత్రంలో ‘టీసీపీడంప్ -ఎన్ -ఐ ఈటీహెచ్0 ఐజీఎంపీ’ నడపాలి. ఐజీఎంపీ మూడో వెర్షన్ రిపోర్టు 224.0.0.22కు వెళుతుంది, రెండో వెర్షన్ రిపోర్టు నేరుగా గ్రూపు చిరునామాకే వెళుతుంది. ఏ వెర్షన్ కనిపించిందో రాసిపెట్టుకోవాలి, దీని అవసరం తరువాత వస్తుంది.

ప్యాకెట్లు రిసీవర్ ఇంటర్‌ఫేస్ దాకా వస్తున్నట్టు టీసీపీడంప్ చూపుతూ ప్రోగ్రామ్‌కు మాత్రం అందకపోతే, మొదట అనుమానించవలసింది ఆర్‌పీ_ఫిల్టర్ అనే కెర్నల్ సెట్టింగును (ఇక్కడ ఆర్‌పీ అంటే రివర్స్ పాత్, రాండెవూ పాయింట్ కాదు). వచ్చిన ప్యాకెట్ సోర్స్ చిరునామాకు తిరుగుదారి అదే ఇంటర్‌ఫేస్ గుండా లేకపోతే, ఈ విలువ 1గా ఉన్నప్పుడు కెర్నల్ ఆ ప్యాకెట్‌ను మౌనంగా పారేస్తుంది. టీసీపీడంప్ ఐపీ పొర కంటే ముందే చూస్తుంది గనుక దానికి కనిపిస్తుంది, ప్రోగ్రామ్‌కు కనిపించదు. ‘ఎన్‌స్టాట్ -ఏజెడ్’ ఇచ్చి ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అనే కౌంటరును కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు చూస్తే, అది పెరుగుతోందా లేదా అన్నది సందేహం లేకుండా తేలుతుంది.

మధ్యలో ఉన్న స్విచ్

రిపోర్టు రిసీవర్‌ను దాటి రౌటరుకు చేరకపోయినా, వీడియో మొదట వచ్చి నాలుగు నిమిషాలు దాటాక ఆగిపోయినా, స్విచ్ వైపు చూడాలి. ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్, రిపోర్టులు విన్న పోర్టులకే గ్రూపును పంపుతుంది. ఆ రిపోర్టులు మళ్లీ మళ్లీ రావాలంటే ఎవరో ఒకరు, ఎవరికి ఏ గ్రూపు కావాలని అడిగే క్వెరీలు పంపుతూ ఉండాలి. ప్రామాణిక విలువల ప్రకారం క్వెరీలు 125 సెకన్లకొకటి వెళతాయి, రిపోర్టు మళ్లీ వినపడకపోతే సభ్యత్వం 260 సెకన్లకు రద్దవుతుంది. కాబట్టి నాలుగు నిమిషాల పైచిలుకుకు ఆగిపోయే వీడియో, ఆ లాన్‌లో క్వెరియర్ లేదని తన నోటితో చెప్పినట్టే. రౌటరు మీద ఆ ఇంటర్‌ఫేస్‌కు ఐజీఎంపీ పెడితే అదే క్వెరియర్ అవుతుంది. ఒకటి కంటే ఎక్కువ రౌటర్లుంటే అతి చిన్న ఐపీ చిరునామా గలది ఎన్నికవుతుంది.

వర్చువల్ మెషీన్లు వాడేవారు మరిచిపోయే స్విచ్ ఒకటుంది: లైనక్స్ బ్రిడ్జి. దానిలో స్నూపింగ్ మొదటి నుంచీ వెలిగే ఉంటుంది, క్వెరియర్ మాత్రం ఆరి ఉంటుంది. ‘బ్రిడ్జ్ ఎండీబీ షో’ ఇస్తే అది ఏ గ్రూపును ఏ పోర్టుకు పంపుతోందో తెలుస్తుంది.

గ్రూపు చిరునామా ఎంపికలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఈథర్నెట్ చిరునామాలోకి గ్రూపు చిరునామాలోని చివరి 23 బిట్లే వెళతాయి గనుక 32 గ్రూపులకు ఒకే మ్యాక్ చిరునామా దక్కుతుంది. 239.10.20.30కీ 239.138.20.30కీ మ్యాక్ ఒకటే. 239.0.0.5 వంటి చిరునామా 224.0.0.5తో, అంటే ఓఎస్‌పీఎఫ్ వాడే గ్రూపుతో, మ్యాక్ పంచుకుంటుంది. 224.0.0.0/24లోని గ్రూపులను స్నూపింగ్ పట్టించుకోకుండా అన్ని పోర్టులకూ వదిలేయడం ఆనవాయితీ కాబట్టి, మ్యాక్ ఆధారంగా నడిచే స్విచ్‌లో మన వీడియో కూడా లాన్ అంతటా పొర్లుతుంది. 239.0.0 తోనూ 239.128.0 తోనూ మొదలయ్యే గ్రూపులను ముందే పక్కన పెట్టడం మేలు.

చివరి రౌటరులో ఐజీఎంపీ

బ్రాడీపేట రౌటరులో వీటీవైఎస్‌హెచ్ (ఎఫ్‌ఆర్‌ఆర్ ఆదేశాలు ఇచ్చే షెల్) తెరిచి ‘షో ఐపీ ఐజీఎంపీ గ్రూప్స్’ ఇవ్వాలి. 239.10.20.30 లాన్ ఇంటర్‌ఫేస్ ఎదురుగా కనిపించాలి. కనిపించకపోతే అదే ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్ పెట్టాలి. తీగ మీద రిపోర్టు కనిపిస్తూ డీమన్‌లో లేకపోతే కారణాలు కొన్నే. ఇంటర్‌ఫేస్ కింద ‘ఐపీ ఐజీఎంపీ’ వరుస లేకపోవడం మొదటిది. ఐపీటేబుల్స్ లేదా ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో ఇన్‌పుట్ చెయిన్ ఐజీఎంపీని, అంటే ప్రోటోకాల్ సంఖ్య 2ను, అడ్డుకోవడం రెండోది. ఫైర్‌వాల్ కూడా టీసీపీడంప్ తరువాతే పనిచేస్తుంది గనుక ప్యాకెట్ వచ్చినట్టే కనిపిస్తుంది.

మూడో కారణం ఇంటర్‌ఫేస్‌లు ఎక్కువున్న రౌటర్లలో ఎదురవుతుంది. లైనక్స్‌లో ఒక సాకెట్ చేరగలిగే గ్రూపుల సంఖ్యకు నెట్.ఐపీవీ4.ఐజీఎంపీ_మ్యాక్స్_మెంబర్‌షిప్స్ అనే పరిమితి ఉంది, దాని మామూలు విలువ 20. ఇంటర్‌ఫేస్‌లు పెరిగితే డీమన్ సాకెట్ ఆ గీత దాటుతుంది. లాగ్‌లో ‘నో బఫర్ స్పేస్ అవైలబుల్’ అని పడుతుంది. ఆ మాట చూసి మెమరీ చాలలేదని పొరబడేవారున్నారు. విలువను 1000కి పెంచి డీమన్‌ను మళ్లీ ప్రారంభిస్తే సరిపోతుంది.

ఇక వెర్షన్ సంగతి. 232.0.0.0/8లో సోర్స్‌ను పేర్కొని చేరే ఎస్‌ఎస్‌ఎం పద్ధతికి ఐజీఎంపీ మూడో వెర్షన్ తప్పనిసరి. రెండో వెర్షన్ రిపోర్టులో సోర్స్ చిరునామాకు చోటే లేదు. రిసీవర్ ఎందుకు రెండో వెర్షన్‌కు దిగిపోయిందో తెలియకపోతే, లాన్‌లో పాత క్వెరియర్ ఏదైనా రెండో వెర్షన్ క్వెరీలు పంపుతోందేమో, లేదా నెట్.ఐపీవీ4.కాన్ఫ్ కింద ఫోర్స్_ఐజీఎంపీ_వెర్షన్ విలువను ఎవరైనా మార్చారేమో చూడాలి.

పొరుగు రౌటరు కనిపిస్తోందా

‘షో ఐపీ పిమ్ నైబర్’ ఇస్తే బ్రాడీపేట రౌటరుకు మంగళగిరి రౌటరు కనిపించాలి, మంగళగిరికి ఇటూ అటూ ఇద్దరూ కనిపించాలి. పిమ్ హలో 30 సెకన్లకొకసారి 224.0.0.13కు వెళుతుంది, 105 సెకన్ల పాటు వినపడకపోతే పొరుగువారు లేనట్టే లెక్క. ఒక వైపు కనిపించి రెండో వైపు కనిపించకపోతే అది దాదాపు ఎప్పుడూ ఫైర్‌వాల్ పనే. పిమ్ ప్రోటోకాల్ సంఖ్య 103. అది టీసీపీ కాదు, యూడీపీ కాదు, దానికి పోర్టు ఉండదు. 224.0.0.13కు మాత్రమే అనుమతి ఇచ్చి ఊరుకోవడం కూడా చాలదు, ఎందుకంటే సోర్స్ పక్క రౌటరు వీడియో ప్యాకెట్లను పొదిగి పంపే రిజిస్టర్ సందేశాలు ఆర్‌పీ యూనికాస్ట్ చిరునామాకు ఇదే ప్రోటోకాల్ మీద వెళతాయి.

రెండు ఊళ్ల మధ్య సొంత ఫైబర్ లేనివారు ఇంటర్నెట్ మీద టన్నెల్ వేసుకుంటారు, ఎందుకంటే సాధారణ ఇంటర్నెట్ కనెక్షన్ మన మల్టీకాస్ట్‌ను మోయదు. జీఆర్‌ఈ టన్నెల్ మీద పిమ్ పెద్దగా ఇబ్బంది పెట్టదు. వైర్‌గార్డ్ మీద మాత్రం రెండు పనులు చేయాలి: పొరుగు యంత్రం అలౌడ్ ఐపీస్‌లో 224.0.0.0/4ను చేర్చాలి, ‘ఐపీ లింక్ సెట్’ ఆదేశంతో ఆ ఇంటర్‌ఫేస్‌కు మల్టీకాస్ట్ ఫ్లాగ్ పెట్టాలి. ఒకే వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ కింద ఇద్దరు పొరుగువారుంటే ఈ పద్ధతి నడవదు, ఎందుకంటే ఒక చిరునామా శ్రేణి ఒక్కరికే చెందుతుంది. శాఖకొక ఇంటర్‌ఫేస్ వేయడమే సరైన మార్గం.

ఆర్‌పీఎఫ్ (రివర్స్ పాత్ ఫార్వర్డింగ్): ఎక్కువ లోపాలు దాగే చోటు

పిమ్ ప్రతి నిర్ణయానికీ ముందు ఒక ప్రశ్న వేసుకుంటుంది: ఈ చిరునామాకు నేను యూనికాస్ట్ ప్యాకెట్ పంపవలసి వస్తే ఏ ఇంటర్‌ఫేస్ గుండా, ఏ పొరుగు రౌటరుకు పంపుతాను? దానికి వచ్చిన జవాబే ఎగువ దిక్కు. ఆర్‌పీ మూలంగా ఏర్పడే ఉమ్మడి చెట్టుకు, అంటే (*, జీ) దారికి (జీ అంటే గ్రూపు, * అంటే ఏ సోర్స్ అయినా), ఆర్‌పీ చిరునామా మీద ఈ ప్రశ్న వేస్తుంది. ఒక సోర్స్‌కు ప్రత్యేకమైన (ఎస్, జీ) దారికి సోర్స్ చిరునామా మీద వేస్తుంది. జాయిన్ ఆ దిక్కుకే వెళుతుంది, ప్యాకెట్‌ను ఆ దిక్కు నుంచి వస్తేనే అంగీకరిస్తుంది.

కాబట్టి మొదట మూడు రౌటర్లలోనూ ‘షో ఐపీ పిమ్ ఆర్‌పీ-ఇన్ఫో’ ఇచ్చి, 239.10.20.30కు మూడూ ఒకే ఆర్‌పీని చూపుతున్నాయో లేదో పోల్చాలి. ఆర్‌పీని చేత్తో రాసినప్పుడు ఒక రౌటరులో 224.0.0.0/4కీ మరొక దానిలో 239.0.0.0/8కీ వేర్వేరు చిరునామాలుంటే, రిసీవర్లు ఒక చోట, సోర్స్ మరొక చోట ఎదురుచూస్తూ ఎప్పటికీ కలుసుకోవు. ఇందులో ఏ రౌటరూ తప్పు చూపదు, ప్రతిదీ తనవరకు సవ్యంగానే ఉంటుంది.

తరువాత బ్రాడీపేటలో ‘షో ఐపీ ఆర్‌పీఎఫ్ 10.10.1.20’, ‘షో ఐపీ ఆర్‌పీఎఫ్ 10.255.255.2’ ఇచ్చి, వచ్చిన తదుపరి రౌటరు చిరునామా పిమ్ నైబర్ జాబితాలో ఉందో లేదో సరిచూడాలి. ఈ ఒక్క పోలికను అలవాటు చేసుకోమని నేను గట్టిగా చెబుతాను. యూనికాస్ట్ దారి పిమ్ లేని రౌటరు గుండా వెళితే జాయిన్ పంపడానికి ఎవరూ ఉండరు. ‘షో ఐపీ పిమ్ అప్‌స్ట్రీమ్’లో ఆ గ్రూపు చేరని స్థితిలోనే ఉండిపోతుంది. బ్రాడీపేటకు మంగళగిరి లింకుతో పాటు తెనాలి మీదుగా రిజర్వు లింకు కూడా ఉండి, ఓఎస్‌పీఎఫ్ కాస్ట్ వల్ల యూనికాస్ట్ ఆ లింకునే ఎంచుకుంటే, పింగ్ చక్కగా పోతుంది, వీడియో మాత్రం రాదు.

దీనికి రెండు మందులున్నాయి. మొదటిది, యూనికాస్ట్ వెళ్లగల ప్రతి లింకు మీదా పిమ్ పెట్టడం. రెండోది, మల్టీకాస్ట్ కోసం మాత్రమే వేరే రూట్ రాయడం. మొదటిదే నాకు సమ్మతం. రెండోది రాసిన నాడు సమస్య తీరుతుంది, కానీ ఆ లింకు తెగిన నాడు ఓఎస్‌పీఎఫ్ దారి మార్చుకున్నా మల్టీకాస్ట్ మారకపోవచ్చు, ఆ వరుస ఎందుకు రాశారో తెలిసినవారు అప్పటికి ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు.

ఆర్‌పీఎఫ్‌తో పేరు కలిసే కెర్నల్ ఆర్‌పీ_ఫిల్టర్ ఇక్కడ మళ్లీ అడ్డుపడుతుంది. లైనక్స్ అన్ని ఇంటర్‌ఫేస్‌లకూ వర్తించే ‘ఆల్’ విలువనూ ఇంటర్‌ఫేస్ విలువనూ పోల్చి రెండిటిలో పెద్దదాన్ని అమలు చేస్తుంది. ఆర్‌పీ రౌటరులో రిజిస్టర్ సందేశాల నుంచి విప్పిన ప్యాకెట్లు పిమ్‌రెగ్ అనే ఊహా ఇంటర్‌ఫేస్ మీద వచ్చినట్టు కెర్నల్ భావిస్తుంది. వాటి సోర్స్ చిరునామాకు తిరుగుదారి పిమ్‌రెగ్ గుండా ఉండే అవకాశమే లేదు గనుక కెర్నల్ తానే పిమ్‌రెగ్‌కు ఆర్‌పీ_ఫిల్టర్‌ను 0 చేస్తుంది. అయితే ‘ఆల్’ విలువ 1గా ఉంటే పెద్దదే గెలుస్తుంది. ఆర్‌పీ వచ్చిన ప్రతి రిజిస్టర్‌లోని వీడియోనూ పారేస్తుంది. మల్టీకాస్ట్ రౌటర్లలో ‘ఆల్’ను 0 చేసి, సోర్స్ చిరునామాల తనిఖీ కావలసిన ఇంటర్‌ఫేస్‌లలో దాన్ని ఫైర్‌వాల్ నియమాలతో చేయడం మంచిది.

సోర్స్ పక్కన

గవర్నర్‌పేటకు చేరాక మొదటి పని టీటీఎల్, అంటే ప్యాకెట్ ఎన్ని రౌటర్లు దాటగలదన్న పరిమితి, చూడటం. మల్టీకాస్ట్ సాకెట్‌కు మామూలుగా టీటీఎల్ 1 ఉంటుంది. అంటే ప్రోగ్రామ్ రాసినవారు ప్రత్యేకించి పెంచకపోతే ప్యాకెట్ ఒక్క రౌటరును కూడా దాటదు. లాన్‌లో వీడియో బ్రహ్మాండంగా ఆడుతూ అవతలి ఊరికి రాకపోవడానికి ఇంతకంటే తరచైన కారణం లేదు. ‘టీసీపీడంప్ -వీ’ ఇస్తే ప్రతి ప్యాకెట్ టీటీఎల్ కనిపిస్తుంది. ఐపెర్ఫ్ రెండో వెర్షన్‌తో పరీక్షించేవారు పెద్ద అక్షరం -టీ ఆప్షన్‌తో టీటీఎల్ పెంచకుండా పరీక్షిస్తే ఫలితం ఎప్పుడూ తప్పుగానే వస్తుంది.

సోర్స్ లాన్ మీద కూడా పిమ్ పెట్టి ఉండాలి. అక్కడ పొరుగు రౌటర్లు లేరు గదా అని వదిలేస్తే కెర్నల్ ఆ ఇంటర్‌ఫేస్‌ను మల్టీకాస్ట్ రౌటింగ్‌లో లెక్కించదు. సోర్స్ చిరునామా రౌటరు ఇంటర్‌ఫేస్ సబ్‌నెట్‌లోనే ఉండాలి, 10.10.1.0/24 లాన్‌లో ఎవరైనా 192.168 చిరునామాతో కెమెరా తగిలిస్తే, తీగ మీద ప్యాకెట్లు కనిపిస్తాయి గానీ రౌటరు దాన్ని తన లాన్ సోర్స్‌గా గుర్తించి రిజిస్టర్ చేయదు. ఒకే లాన్‌లో రెండు పిమ్ రౌటర్లుంటే ఆ పని చేసేది డిజిగ్నేటెడ్ రౌటరు మాత్రమే. ప్రాధాన్య విలువలు సమానమైతే పెద్ద ఐపీ చిరునామా గలది ఆ స్థానం పొందుతుంది. ఐజీఎంపీ క్వెరియర్‌గా చిన్నది, పిమ్‌లో పెద్దది ఎన్నికవుతాయి కాబట్టి ఆ రెండు బాధ్యతలూ వేర్వేరు పెట్టెల్లో ఉండవచ్చు; ఒకదానిలో వెతికి లేదనుకోకుండా రెండింటిలోనూ చూడాలి.

ప్యాకెట్ పరిమాణం కూడా ఇక్కడే లెక్కకు వస్తుంది. రిజిస్టర్ సందేశం అసలు ప్యాకెట్‌కు 28 బైట్లు చేరుస్తుంది. వీడియో పరికరాలు 188 బైట్ల ముక్కలను ఏడేసి కలిపి 1316 బైట్లుగా పంపుతాయి. యూడీపీ, ఐపీ హెడర్లతో 1344, రిజిస్టర్ తొడుగుతో 1372 అవుతుంది. వైర్‌గార్డ్ మామూలు ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు గరిష్ఠ పరిమాణం) 1420లో కూడా ఇది ఇముడుతుంది. పరీక్ష ప్రోగ్రామ్‌తో 1472 బైట్ల డేటా పంపి చూసేవారికి మాత్రం ఇది ఇమడదు, అసలు వీడియోకు లేని లోపం పరీక్షలో కనిపిస్తుంది.

కెర్నల్ పట్టికను చదవడం

డీమన్ దారి నిర్ణయిస్తుంది, ప్యాకెట్‌ను మోసేది కెర్నల్. నెట్.ఐపీవీ4.కాన్ఫ్.ఆల్.ఎంసీ_ఫార్వర్డింగ్ విలువ 1గా ఉండాలి. దీన్ని చేత్తో మార్చడం కుదరదు. మల్టీకాస్ట్ రౌటింగ్ డీమన్ కెర్నల్‌తో సంబంధం ఏర్పరచుకున్నప్పుడు అదే 1 అవుతుంది. 0గా కనిపిస్తే డీమన్ నడవడం లేదని, లేదా నడుస్తున్నా కెర్నల్ దాన్ని ఒప్పుకోలేదని అర్థం. ఎఫ్‌ఆర్‌ఆర్‌లో పిమ్‌డీ తనంతట తాను మొదలుకాదు. ఈటీసీ డైరెక్టరీలో ఎఫ్‌ఆర్‌ఆర్ కింద ఉండే డీమన్స్ ఫైలులో దానికి ఎదురుగా ‘యెస్’ అని రాయాలి.

కెర్నల్ ఒప్పుకోకపోవడానికి తరచుగా కారణం, అదే పట్టికను మరొక ప్రోగ్రామ్ ముందే పట్టుకుని ఉండటం. ఒక పట్టికకు ఒక్క డీమన్‌కే అవకాశం. రెండోదానికి ‘అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్’ అని జవాబు వస్తుంది. ఎమ్‌రౌటెడ్, ఎస్‌ఎంసీరూట్, ఐజీఎంపీప్రాక్సీ ఏది నడుస్తున్నా ఇదే జరుగుతుంది. ఎఫ్‌ఆర్‌ఆర్‌తో సంబంధం లేని మరొక స్వతంత్ర సాఫ్ట్‌వేర్ కూడా పిమ్‌డీ అన్న పేరుతోనే దొరుకుతుంది. రెండూ ఒకే యంత్రంలో స్థాపితమైతే, పీఎస్ జాబితాలో పిమ్‌డీ కనిపించిందని నిశ్చింతగా ఉండకూడదు, అది ఏ పిమ్‌డీయో దాని పూర్తి దారితో చూడాలి.

ఇప్పుడు ‘ఐపీ -ఎస్ ఎమ్‌రూట్ షో’ ఇవ్వాలి. సవ్యంగా ఉన్నప్పుడు సోర్స్, గ్రూపు జంట ఎదురుగా వచ్చే ఇంటర్‌ఫేస్, వెళ్లే ఇంటర్‌ఫేస్‌లు, ప్యాకెట్ల లెక్క కనిపిస్తాయి. వచ్చే ఇంటర్‌ఫేస్ స్థానంలో ‘అన్‌రిజాల్వ్‌డ్’ అని ఉంటే, కెర్నల్‌కు ప్యాకెట్ వచ్చింది, డీమన్‌ను అడిగింది, జవాబు రాలేదు. కాబట్టి లోపం డీమన్‌లో లేదా దాని ఎగువ స్థితిలో ఉంది. వెళ్లే ఇంటర్‌ఫేస్‌లు ఖాళీగా ఉంటే దిగువ నుంచి జాయిన్ రాలేదు. ప్యాకెట్ల సంఖ్యతో పాటు తప్పు ఇంటర్‌ఫేస్ మీద వచ్చిన వాటి లెక్క పెరుగుతుంటే, సోర్స్ ఒక దారిన పంపుతోంది, ఆర్‌పీఎఫ్ మరొక దారిని చూపుతోంది. లెక్క చక్కగా పెరుగుతూ వెళ్లే ఇంటర్‌ఫేస్ మీద టీసీపీడంప్‌లో ఏమీ కనిపించకపోతే మధ్యలో ఫైర్‌వాల్‌లోని ఫార్వర్డ్ చెయిన్ అడ్డు ఉంది. అదే పెట్టెలో డాకర్ స్థాపించి ఉంటే మొదట దాన్నే అనుమానించాలి, ఎందుకంటే డాకర్ ఫార్వర్డ్ చెయిన్ మామూలు విధానాన్ని డ్రాప్‌గా మార్చే అవకాశం ఉంది.

సొంతంగా కెర్నల్ కంపైల్ చేసుకున్నవారు కాన్ఫిగ్_ఐపీ_ఎమ్‌రూట్, కాన్ఫిగ్_ఐపీ_పిమ్‌ఎస్‌ఎమ్_వీ2 రెండూ ఉన్నాయో చూసుకోవాలి. వీఆర్‌ఎఫ్‌లు (ఒకే యంత్రంలో విడివిడి రౌటింగ్ పట్టికలు) వాడేవారు ఆదేశం చివర ‘టేబుల్ ఆల్’ చేర్చాలి, లేకపోతే సంబంధం లేని పట్టికను చూసి ఖాళీగా ఉందనుకుంటారు.

కొద్ది క్షణాలు ఆడి ఆగిపోతే

ఈ లక్షణాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వీడియో మొదట ఆర్‌పీ గుండా వస్తుంది. మొదటి ప్యాకెట్ అందగానే చివరి రౌటరు సోర్స్ చిరునామాను తెలుసుకుని, దానికి నేరుగా ఉండే దారికి మారుతుంది. ఆర్‌పీ దారి మంచిదై, నేరు దారిలో ఎక్కడో పిమ్ లేకపోయినా, ఫైర్‌వాల్ ఉన్నా, బొమ్మ కనిపించి మాయమవుతుంది. ఇదేనా అని తేల్చుకోవడానికి బ్రాడీపేట రౌటరులో ‘ఐపీ పిమ్ ఎస్‌పీటీ-స్విచ్‌ఓవర్ ఇన్ఫినిటీ-అండ్-బియాండ్’ పెట్టి చూడాలి; కొత్త వెర్షన్లలో ఈ వరుస రౌటర్ పిమ్ విభాగం కిందికి వచ్చింది. దారి మారడం ఆగి వీడియో నిలకడగా ఆడితే లోపం నేరు దారిలోనే ఉన్నట్టు. ఆ తరువాత ఈ వరుసను తీసేసి, అసలు లోపాన్ని ఆర్‌పీఎఫ్ భాగంలో చెప్పిన పద్ధతిలో వెతకాలి.

బీఎస్‌డీ వాడేవారికి

ఫ్రీబీఎస్‌డీలో ఐపీ_ఎమ్‌రూట్ మాడ్యూల్‌ను కేఎల్‌డీలోడ్‌తో ఎక్కించాలి. ‘నెట్‌స్టాట్ -జీ’ ఫార్వర్డింగ్ పట్టికను, ‘నెట్‌స్టాట్ -జీఎస్’ గణాంకాలను, ఐఎఫ్‌ఎంసీస్టాట్ సభ్యత్వాలను చూపుతాయి. ఓపెన్‌బీఎస్‌డీలో నెట్.ఐనెట్.ఐపీ.ఎమ్‌ఫార్వర్డింగ్‌ను 1 చేయాలి. పీఎఫ్ ఫైర్‌వాల్ సంగతి మాత్రం శ్రద్ధగా వినాలి: ఐజీఎంపీ ప్యాకెట్లలో రౌటర్ అలర్ట్ అనే ఐపీ ఆప్షన్ ఉంటుంది, ఆప్షన్లున్న ప్యాకెట్లను పీఎఫ్ చాలా వెర్షన్లలో పాస్ నియమం ఉన్నా పారేస్తుంది. ఆ నియమానికి ‘అలౌ-ఆప్ట్స్’ చేర్చాలి.

డీబగ్ లాగ్‌లు, తుది పరీక్ష

పై మెట్లన్నీ దాటినా తేలకపోతేనే ‘డీబగ్ పిమ్ ప్యాకెట్స్’, ‘డీబగ్ ఐజీఎంపీ’ వెలిగించాలి. ముందే వెలిగిస్తే ఏం వెతుకుతున్నామో తెలియకుండా వేల వరుసలు చదవవలసి వస్తుంది. ఒక్క గ్రూపు, ఒక్క రిసీవర్ ఉంచి, రిసీవర్‌ను ఆపి మళ్లీ చేర్చిన ఆ కొద్దిసేపటి లాగ్‌ను మాత్రమే తీసి, వెంటనే డీబగ్‌ను ఆపివేయాలి.

మార్చిన సిసీటీఎల్ విలువలను ఈటీసీలోని సిసీటీఎల్.డీ డైరెక్టరీలో ఫైలుగా రాసి, వీటీవైఎస్‌హెచ్‌లో ‘రైట్ మెమరీ’ ఇచ్చి, మూడు రౌటర్లనూ ఒక్కొక్కటిగా రీబూట్ చేయాలి. తరువాత బ్రాడీపేట రిసీవర్‌లో వీడియో తెరిచి కనీసం పది నిమిషాలు వదలాలి. ఐజీఎంపీ సభ్యత్వం 260 సెకన్లకు, పిమ్ జాయిన్ 210 సెకన్లకు కాలం తీరుతాయి. ఆ రెండు గడువులనూ ఒకసారైనా దాటి, ప్రతి రౌటరులోనూ తప్పు ఇంటర్‌ఫేస్ లెక్క పెరగకుండా, వీడియో తెగకుండా ఆడితే ఆ దారిని తరగతికి అప్పగించవచ్చు.